పటికలో చిటికెడు మలినం

విజయవాడ బీసెంట్ రోడ్డులో నాలుగు కొట్లు దాటేలోపు దిష్టికి కట్టిన పటిక గుమ్మం మీద ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. కృష్ణకి కొత్త నీరొచ్చి బురదగా ఉన్నప్పుడు మా అమ్మమ్మ బిందెలో తిప్పేదీ అదే. 1936లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త గోర్టర్ ఈ పటికలోని హైడ్రోజన్ కేంద్రకాల అయస్కాంతత్వాన్ని పట్టుకోవాలని చూశాడు. అయస్కాంతం మధ్య పెట్టి, రేడియో తరంగాలు పంపి, ముక్క కాస్తయినా వేడెక్కుతుందా అని కనిపెట్టుకుని కూర్చున్నాడు. వేడెక్కలేదు. ప్రయత్నం ఫలించలేదని పేపరు శీర్షికలోనే రాసేశాడు, ఆ నిజాయితీ నాకు భలే నచ్చుతుంది.

కేంద్రకం ఓ బుల్లి అయస్కాంతం. రేడియో తరంగం నుంచి శక్తి తీసుకుని తిరగబడుతుంది, బాగానే ఉంది, కానీ ఆ శక్తిని స్ఫటికానికి ఇచ్చేసి మళ్లీ మామూలు స్థితికి రావాలి కదా, అప్పుడేగా ముక్క వేడెక్కేది! ఇలా తిరిగి రావడమే రిలాక్సేషన్. శుద్ధమైన స్ఫటికంలో పరమాణువుల కంపనాలే ఈ పని చేయాలంటే గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. గోర్టర్‌ని దెబ్బకొట్టింది ఈ ఆలస్యమేనని తర్వాత చాలామంది అనుకున్నారు.

అదే స్ఫటికంలో లక్షల పరమాణువులకి ఒక్క ఇనుమో మాంగనీసో మలినంగా కలిసినా కథ మారిపోతుంది. వాటిలో జతలేని ఎలక్ట్రాన్లుంటాయి. ఒక్క ఎలక్ట్రాన్ అయస్కాంత బలం ప్రోటాన్‌కి దాదాపు 658 రెట్లు, పైగా అది కుదురుగా ఉండదు, అటూ ఇటూ తిరుగుతూ చుట్టుపక్కల కేంద్రకాలను కుదిపేస్తుంది. చిక్కేమిటంటే, దూరం రెట్టింపైతే ఆ ప్రభావం 64వ వంతుకి పడిపోతుంది. మరి దూరంగా ఉన్నవాటి సంగతి?

1949లో బ్లూంబర్గెన్ అనే శాస్త్రవేత్త దీనికి జవాబు చెప్పాడు. గుంటూరులో మా మేనమామ ఇంటికి స్లాబ్ వేసిన రోజు నాకది బోధపడింది. మెట్ల మీద వరసగా నిలబడ్డ కూలీలు ఎవరూ కదల్లేదు, నిండు తట్ట చేతులు మారుతూ పైకి, ఖాళీ తట్ట కిందికి. కేంద్రకాలూ అంతే, పక్కపక్కనున్న రెండు తమ దిశలు మార్చుకుంటాయి, మొత్తం శక్తి మారదు, కానీ అది మెల్లగా మలినం దాకా చేరుతుంది. దీన్ని స్పిన్ డిఫ్యూజన్ అంటారు. మలినానికి మరీ ఆనుకుని ఉన్న కేంద్రకాల మధ్య మాత్రం ఈ మార్పిడి ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ అయస్కాంత క్షేత్రం అడుగడుక్కీ మారిపోయి ఇరుగుపొరుగు శక్తులకి పొంతన కుదరదు. వాటి సంగతి మలినమే నేరుగా చూసుకుంటుంది.

ఎంఆర్‌ఐలో ఎక్కించే కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌లోని గడోలినియం కూడా ఈ కోవదే, దానికి ఏడు జతలేని ఎలక్ట్రాన్లు. కాకపోతే అక్కడ తట్టలు అందించే పని లేదు, నీటి అణువులే దాని దగ్గరికి వచ్చి పోతుంటాయి.