వేగంగా పెరిగిన అడవే ఎందుకు ఎండిపోయింది? జర్మనీ స్ప్రూస్ చెట్ల వెనక కథ

జర్మనీ నడిమధ్యన హార్జ్ కొండలున్నాయి. వాటిలో ఎత్తైన శిఖరం బ్రోకెన్, 1,141 మీటర్లు. ఆ వాలుల మీద నిన్నమొన్నటి దాకా ముదురు పచ్చగా నిలిచిన స్ప్రూస్ (సూది ఆకుల చెట్టు) అడవిలో ఇప్పుడు చాలా మేర బూడిద రంగు మోళ్లే కనిపిస్తాయి. 2018 నుంచి వరుసగా మూడేళ్లు ఎండలు మండాయి, వానలు ముఖం చాటేశాయి. 2018 జనవరికీ 2021 ఏప్రిల్‌కీ మధ్య దేశం మొత్తం మీద సుమారు 5 లక్షల హెక్టార్లలో చెట్లు పోయాయని జర్మన్ అంతరిక్ష సంస్థ ఉపగ్రహ చిత్రాలతో లెక్క తేల్చింది.

కరువు, బెరడు తొలిచే పురుగు కలిసి చంపేశాయని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఎండిపోవడానికి ముందు కొన్ని దశాబ్దాల పాటు ఇదే అడవి మునుపెన్నడూ లేనంత జోరుగా పెరిగింది. ఆ జోరును అందరూ ఆరోగ్యం అనుకున్నారు. అసలు కథ అక్కడుంది.

18వ శతాబ్దం మొదట్లో జర్మనీ తూర్పున ఉన్న సాక్సనీ ప్రాంతపు గనులకు, కొలిమిలకు కలప కరువొచ్చింది. గనుల అధికారి హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్ 1713లో ఒక పుస్తకం రాసి, నరికినంత మళ్లీ పెంచాలని వాదించాడు. ఆ తర్వాతి వందేళ్లలో అడవిని లెక్కకట్టి పెంచడం ఒక శాస్త్రమైంది. ఆ లెక్కకు అన్నివిధాలా సరిపోయిన చెట్టు స్ప్రూస్. నిటారుగా పెరుగుతుంది, త్వరగా చేతికొస్తుంది, దూలాలకు పనికొస్తుంది. కాకపోతే అది చలి, తేమ ఉన్న ఎత్తైన కొండల చెట్టు. బీచ్, ఓక్ లాంటి వెడల్పాటి ఆకుల చెట్లు ఉండాల్సిన పల్లపు నేలల్లోనూ దాన్నే వరసలుగా నాటేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నరికేసిన చోట్ల మళ్లీ అదే నాటారు. ఈ జర్మన్ పద్ధతి మనకూ వచ్చింది. 1864లో భారత అటవీ శాఖకు తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన డీట్రిచ్ బ్రాండిస్ జర్మనీ మనిషే. ఎక్కడ ఎప్పుడు ఏది నరకాలో, నాటాలో చెప్పే మన రిజర్వ్ ఫారెస్టుల వర్కింగ్ ప్లాన్‌లకు మూలాలు అక్కడే వెతకాలి.

1980ల మొదట్లో అడవులు చచ్చిపోతున్నాయని జర్మనీ అంతటా గగ్గోలు పుట్టింది. బొగ్గు విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే గంధకపు పొగ ఆమ్ల వర్షమై నేలను పాడుచేస్తోందని శాస్త్రవేత్త బెర్న్‌హార్డ్ ఉల్రిచ్ హెచ్చరించాడు. 1983లో పెద్ద ప్లాంట్ల పొగపై కఠిన నిబంధనలు వచ్చాయి. అవి రావాల్సినవే. అదే కాలంలో అడవుల్లో కొలతలు తీస్తున్నవాళ్లకు మాత్రం వింత కనిపించింది. చాలాచోట్ల చెట్లు తాతల కాలం కంటే వేగంగా పెరుగుతున్నాయి. 1996లో అటవీ శాస్త్రవేత్త హైన్‌రిచ్ స్పీకర్ బృందం యూరప్ దేశాల కొలతలన్నీ కలిపి చూసి ఇదే మాట చెప్పింది. 1870ల నుంచి కొలుస్తూ వస్తున్న అడవి ప్లాట్ల ఆధారంగా మరో అటవీ శాస్త్రవేత్త హాన్స్ ప్రెచ్ బృందం 2014లో అంకెలు ఇచ్చింది: 1960తో పోలిస్తే ఒక్కో స్ప్రూస్ చెట్టు 32 శాతం, బీచ్ 77 శాతం ఎక్కువ వేగంతో పెరుగుతున్నాయి. ముఖ్య కారణాలుగా వాళ్లు చూపింది పెరిగిన వేడిని, వసంతం ముందే వచ్చి చెట్లు పెరిగే కాలం సాగడాన్ని. గాలిలో ఎక్కువైన కార్బన్ డయాక్సైడ్, వాహనాల పొగ, పశువుల పెంట నుంచి నేలకు చేరే నైట్రోజన్ కూడా తోడై ఉంటాయన్నారు.

ఆ కలపను దగ్గరగా చూడాలి. సన్నని బోలు బర్మాతో మాను నుంచి పెన్సిల్ లాంటి పుల్ల లాగితే అందులో వలయాలు వరుసగా కనిపిస్తాయి. ఒక్కో ఏడాదికి లేత రంగు పట్టీ ఒకటి, ముదురు పట్టీ ఒకటి. వలయాలు వెడల్పయ్యాయి, నిజమే. కానీ 1900 నుంచి కలప సాంద్రత 8 నుంచి 12 శాతం తగ్గిందని ప్రెచ్ బృందమే 2018లో తేల్చింది. చెట్టు లావెక్కినంత మాత్రాన గట్టిపడలేదు, లావును చూసి వేసిన కార్బన్ లెక్కలూ కాస్త ఎక్కువే చూపించాయి. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే చెట్లు ఎలాగూ పెరుగుతాయన్న ధీమా కూడా నిలబడలేదు. స్విట్జర్లాండ్‌లో బాసెల్ దగ్గర శాస్త్రవేత్త క్రిస్టియన్ కోర్నర్ బృందం సుమారు వందేళ్ల చెట్లకు ఎనిమిదేళ్లు ఆ వాయువును అదనంగా అందించి చూసింది. వాటి పెరుగుదలలో నిలకడైన తేడా ఏమీ రాలేదు.

2003 వేసవి తొలి హెచ్చరిక. ఆ ఏడాది వేడికి, వానలేమికి యూరప్‌లో మొక్కలు కిరణజన్య సంయోగక్రియతో పట్టే కార్బన్ దాదాపు 30 శాతం పడిపోయింది. 2018 నాటికి స్ప్రూస్ దగ్గర తట్టుకునే శక్తి లేకపోయింది. దాని వేళ్లు పైపైనే పాకుతాయి, లోతు నీళ్లు అందవు. ఐదారు మిల్లీమీటర్లు కూడా దాటని బెరడు పురుగు లోపలికి తొలిస్తే, నీళ్లున్న చెట్టు బంక కార్చి దాన్ని ముంచేస్తుంది. దాహంతో ఉన్న చెట్టుకు ఆ బంక ఉండదు. మొదట్లో చెట్టు పచ్చగానే ఉంటుంది, మాను అడుగున మాత్రం కాఫీ పొడి లాంటి గోధుమరంగు నుసి రాలి ఉంటుంది. ఫారెస్టర్లు వెతికేది దాన్నే. చల్లటి ఏడాదుల్లో ఒకటి రెండు తరాలు పెరిగే పురుగు వేడి ఏడాదిలో మూడో తరాన్నీ పెంచుతుంది.

2024 అక్టోబరులో వెలువడిన జాతీయ అటవీ లెక్కింపు ఈ నష్టాన్నంతా ఒకచోట పెట్టింది. అంతకుముందు లెక్కింపుతో పోలిస్తే కలప పెరుగుదల 16 శాతం తగ్గింది. అడవిలో నాలుగో వంతు ఉన్న స్ప్రూస్ ఐదో వంతుకు దిగింది. 2017 తర్వాత అడవుల్లోని కార్బన్ నిల్వ 4.15 కోట్ల టన్నులు తరిగిపోయింది. దేశం తన వాతావరణ లక్ష్యాల్లో కార్బన్‌ను పీల్చేవాటి కింద రాసుకున్న అడవి ఇప్పుడు వదిలేవాటి కిందకు చేరింది. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికంటే భారమైన అంకె ఇదే.

ఇక ఏం నాటాలన్న దగ్గర పేచీ ఉంది. స్ప్రూస్ మీదే నడిచిన కలప పరిశ్రమ కొంతవరకు ఉత్తర అమెరికా సూది ఆకుల చెట్టు డగ్లస్ ఫర్ వైపు చూస్తోంది. స్థానిక బీచ్ చాలంటారు మరికొందరు, కానీ 2018 తర్వాత జర్మనీలోని థురింగియా రాష్ట్రపు హైనిచ్ అడవిలో పెద్ద బీచ్ చెట్లకూ తలలు ఎండాయి. హార్జ్ జాతీయ ఉద్యానంలో మాత్రం చాలా భాగం మోళ్లను కదపకుండా వదిలేశారు. వాటి మధ్య బిర్చ్, రోవన్ మొలకలు లేస్తున్నాయి, పక్కనే స్ప్రూస్ పిల్లలూ ఉన్నాయి. కొలతలు తీసే ప్లాట్లలోనూ ఇప్పుడు స్ప్రూస్‌ను ఒంటరిగా కాక బీచ్‌తో కలిపి పరిశీలిస్తున్నారు. వేగం ఎంతో చూడటంతో ఆపకుండా, కరువు ఏడాదిలో ఎంత తగ్గింది, తర్వాత ఎన్నేళ్లకు కోలుకుంది అన్నది కూడా నమోదు చేస్తున్నారు.