జాడలు ఎన్నో, దొరికేది కొద్దిసేపే

1986 ఆగస్టులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటర్ వాడకం పద్దులో 75 సెంట్ల తేడా వచ్చింది. అదెక్కడిదో చూడమని అక్కడ పనిచేస్తున్న ఖగోళ శాస్త్రవేత్త క్లిఫర్డ్ స్టోల్‌కు అప్పగించారు. ఎవరో బయటి వ్యక్తి వ్యవస్థలోకి చొరబడి, ఒక ప్రోగ్రామ్‌లోని లోపాన్ని ఆసరా చేసుకుని సర్వాధికారాలు దక్కించుకున్నాడని, అక్కడి నుంచి సైనిక కంప్యూటర్లలోకి దూరడానికి ప్రయత్నిస్తున్నాడని ఆయన కనిపెట్టాడు. చొరబాటుదారు కొట్టిన ప్రతి అక్షరమూ కాగితం మీద పడేలా లైన్లకు ప్రింటర్లు తగిలించాడు. నేరం కళ్లముందే జరుగుతోంది, దాని నకలు చేతిలో ఉంది, అయినా ఆ మనిషెవరో తేలడానికి నెలలు పట్టింది.

కారణం సాంకేతికం కన్నా పరిపాలనాపరమైనది. ఆ కనెక్షన్ పశ్చిమ జర్మనీలో మొదలై, పలు సంస్థల నెట్‌వర్క్‌లు దాటి బర్క్‌లీ చేరుతోంది. దారిలోని ఒక్కో ముక్క ఒక్కొక్కరి అధీనంలో ఉంది. వారెంటు లేనిదే వివరాలు ఇవ్వలేమని ఫోన్ కంపెనీ చెబితే, 75 సెంట్ల నష్టానికి కేసేమిటన్నట్టు ఎఫ్‌బీఐ మొదట్లో పట్టించుకోలేదు. హానోవర్‌లోని పాతకాలపు ఎక్స్ఛేంజీలో ఫోన్ కాల్ మూలం కనుక్కోవాలంటే సిబ్బంది స్వయంగా యంత్రాల మధ్యకు వెళ్లి తీగల వెంట వెతకాలి. అది పూర్తయ్యేలోగా చొరబాటుదారు లైన్ వదిలేసేవాడు. చివరికి స్టోల్ అంతరిక్ష రక్షణ పథకం పేరుతో బోలెడు దొంగ పత్రాలు సృష్టించి కంప్యూటర్‌లో పెట్టాడు. వాటిని చొరబాటుదారు ఆశగా చదువుతూ కూర్చున్నంతసేపట్లో అతని ఆచూకీ దొరికింది. రహస్యాలను సోవియట్ గూఢచార సంస్థ కేజీబీకి అమ్ముతున్న మార్కస్ హెస్‌పై 1990లో నేరం రుజువైంది.

కంప్యూటర్ నేరానికి సాక్ష్యం మిగలదని చాలామంది అనుకుంటారు. వాస్తవం దాదాపు దీనికి విరుద్ధం. నేరగాడు దాటిన సర్వర్లు, రూటర్లు, చెల్లింపు వ్యవస్థల్లో చాలావరకు ఏదో ఒక రూపంలో అతని రాకపోకలను లాగ్‌లో, అంటే యంత్రం తనంతట తాను నింపుకునే నమోదు పట్టికలో, రాసుకుంటాయి. అయితే ఆ లాగ్‌లు దర్యాప్తు అధికారి దగ్గర ఉండవు. పరాయి సంస్థల్లో, తరచుగా పరాయి దేశాల్లో ఉంటాయి. పైగా వాటికి ఆయుష్షు తక్కువ, ఎందుకంటే పాత నమోదులను చెరిపి కొత్తవాటికి చోటివ్వడం ఏ సర్వర్‌కైనా మామూలు పని.

ఇంటర్నెట్‌కు తగిలించిన యంత్రానికి ఇచ్చే సంఖ్య, ఐపీ చిరునామానే చూద్దాం. అది దొరికితే ఇల్లు దొరికినట్టేనని అనుకోవడం పొరపాటు. ఇప్పటికీ విస్తారంగా వాడుకలో ఉన్న నాలుగో తరహా (ఐపీవీ4) చిరునామాలు మొత్తం కలిపి సుమారు 430 కోట్లు మాత్రమే. ప్రపంచంలోని ఫోన్లకూ కంప్యూటర్లకూ ఇవి చాలవు కాబట్టి, ముఖ్యంగా మొబైల్ కంపెనీలు ఒకే చిరునామాను ఒకే సమయంలో ఎందరో వినియోగదారులకు పంచుతాయి. అనేక కుటుంబాలున్న పెద్ద భవనానికి ఒకే డోర్ నంబరు ఉన్నట్టు. వాళ్లలో ఎవరో తేలాలంటే, ఒకే చిరునామా మీది కనెక్షన్లను వేరుచేసే, 0 నుంచి 65,535 వరకు ఉండే పోర్ట్ నంబర్లలో ఆ క్షణాన ఏది ఎవరికి కేటాయించారో తెలియాలి. దాడికి గురైన వెబ్‌సైట్ తన లాగ్‌లో చిరునామా రాసుకుని పోర్ట్ నంబరు రాసుకోకపోతే కథ అక్కడితో ఆగిపోతుంది. రాసుకున్నా, దాని గడియారం రెండు నిమిషాలు తప్పుగా నడుస్తూ ఉంటే, లేదా అధికారి కాలమండలాన్ని పొరపాటుగా లెక్కగడితే, ఏ పాపమూ ఎరగని మనిషి ఇంటికి పోలీసులు వెళ్లే ప్రమాదం ఉంది. నేరగాడు వేరే దేశంలోని ఎవరిదో హ్యాక్ చేసిన కంప్యూటర్ మీదుగా వచ్చి ఉంటే, ఇంత శ్రమా చేర్చేది మరో బాధితుడి దగ్గరికే.

కంప్యూటర్ చేతికి చిక్కిన తర్వాత కూడా తొందర తగ్గదు. హార్డ్‌డిస్క్‌లో ఏ మార్పూ జరగకుండా రైట్ బ్లాకర్ అనే పరికరం ద్వారా నకలు తీసి, అసలుకూ నకలుకూ హ్యాష్ విలువ (మొత్తం సమాచారం నుంచి లెక్కగట్టే, వేలిముద్రలాంటి సంఖ్య) లెక్కగట్టి, రెండూ ఒకటేనని కోర్టుకు చూపించడం స్థిరపడిన పద్ధతి. ఒక్క బిట్ మారినా ఆ విలువ పూర్తిగా మారిపోతుంది. కానీ డిస్క్ అంతా ఎన్‌క్రిప్షన్‌లో, అంటే కీ లేనిదే చదవలేని సంకేత రూపంలో, ఉన్నప్పుడు, దాన్ని విప్పే కీ యంత్రం నడుస్తున్నంతసేపే దాని తాత్కాలిక జ్ఞాపకమైన ర్యామ్‌లో ఉంటుంది. కరెంటు పోతే కీ కూడా పోతుంది. 2013 అక్టోబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక ప్రజా గ్రంథాలయంలో, సిల్క్ రోడ్ అనే రహస్య మాదకద్రవ్యాల విపణి నిర్వాహకుడు రాస్ ఉల్‌బ్రిక్ట్‌ను పట్టుకున్నప్పుడు ఎఫ్‌బీఐ అధికారుల గురి అంతా ఆయన ల్యాప్‌టాప్ మీదే ఉంది. ఇద్దరు అధికారులు ఆయన వెనక ప్రేమికుల్లా పోట్లాట నటించారు. ఆయన తల తిప్పిన క్షణంలో ఇంకొకరు తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌ను అందిపుచ్చుకున్నారు. మూత మూసి ఉంటే అదే యంత్రం కోర్టులో దాదాపు ఇనుపముక్కతో సమానమయ్యేది.

చట్టం లేకపోతే దొరికిన సాక్ష్యం కూడా వృథాయే. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ అనే ఈమెయిల్ వైరస్ ప్రపంచమంతా పాకింది. ఫిలిప్పీన్స్‌లో అనుమానితుడు దొరికాడు గానీ, ఆ చర్యను నేరంగా పేర్కొనే చట్టం అప్పటికి ఆ దేశంలో లేకపోవడంతో అభియోగాలు ఉపసంహరించుకోవలసి వచ్చింది. మరుసటి నెలలోనే అక్కడ చట్టం వచ్చింది, కానీ దాన్ని వెనకటి తేదీకి వర్తింపజేయడం కుదరదు కదా.

డబ్బు మాటకొస్తే వేగం మరీ నిర్దయగా పనిచేస్తుంది. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు వ్యవస్థలోకి చొరబడినవాళ్లు, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌లోని దాని ఖాతా నుంచి దాదాపు 95 కోట్ల డాలర్లు పంపమంటూ గురువారం రాత్రి ఆదేశాలు జారీ చేశారు. ఢాకాలో శుక్రవారం సెలవు. న్యూయార్క్‌లో శని, ఆదివారాలు సెలవు. సోమవారం చైనా నూతన సంవత్సరం కావడంతో మనీలాలో సెలవు. లావాదేవీలను కాగితంపై అచ్చువేసే ప్రింటర్ కూడా పనిచేయకుండా చేశారు. శ్రీలంకకు వెళ్లిన 2 కోట్ల డాలర్లు, గ్రహీత సంస్థ పేరులో స్పెల్లింగు తప్పు దొర్లడం వల్ల ఆగి వెనక్కి వచ్చాయి. మనీలా చేరిన 8.1 కోట్ల డాలర్లలో అధిక భాగం క్యాసినోల్లో కలిసిపోయింది. అప్పటికి ఆ దేశపు అక్రమ ధన నిరోధక చట్టం పరిధిలోకి క్యాసినోలు రాకపోవడం యాదృచ్ఛికమని నేననుకోను.

క్రిప్టో నాణేల వల్ల నేరగాళ్లు పూర్తిగా చీకట్లోకి వెళ్లిపోయారనేది కూడా సగం నిజమే. బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ ఎవరైనా చూడగల బహిరంగ చిట్టాలో ఉంటాయి. 2021 మేలో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ సంస్థ ర్యాన్సమ్‌వేర్ (కంప్యూటర్లను స్తంభింపజేసి డబ్బు గుంజే) ముఠాకు 75 బిట్‌కాయిన్లు చెల్లించగా, ఆ చిట్టా వెంట వెళ్లిన ఎఫ్‌బీఐ తర్వాతి నెలలో 63.7 బిట్‌కాయిన్లు స్వాధీనం చేసుకుంది. అంత త్వరగా ఫలితం రావడానికి సంస్థ వెంటనే ఫిర్యాదు చేయడం ముఖ్య కారణం.

మరి లాగ్‌లన్నీ ఏళ్ల తరబడి దాచమని కంపెనీలను ఆదేశిస్తే సరిపోదా? ఐరోపా సమాఖ్య 2006లో అలాంటి ఆదేశమే తెచ్చింది. ఏ అనుమానమూ లేని కోట్లాది పౌరుల సంభాషణల వివరాలను మూకుమ్మడిగా దాచడం గోప్యత హక్కుకు తీవ్ర భంగమంటూ దాని న్యాయస్థానం 2014 ఏప్రిల్‌లో దాన్ని కొట్టివేసింది. ఇందులో న్యాయస్థానం వైపే న్యాయం ఉందని నా అభిప్రాయం, ఎందుకంటే దాచిన రాశి ఎంత పెద్దదైతే దొంగలకు అంత పెద్ద ఎర. ఇంతకన్నా మెరుగైన మార్గం, కంప్యూటర్ నేరాలపై దేశాల మధ్య కుదిరిన 2001 నాటి బుడాపెస్ట్ ఒప్పందంలో ఉంది. అనుమానం తలెత్తగానే, ఫలానా సమాచారాన్ని చెరిపేయకుండా 90 రోజుల వరకు భద్రపరచమని ఆదేశించవచ్చు. దాన్ని చూసే అనుమతిని తర్వాత చట్టప్రకారం సంపాదించుకోవచ్చు. సభ్యదేశాలు ఇందుకోసం రాత్రీపగలూ పనిచేసే సంప్రదింపు కేంద్రాలను నడపాలి.

అయితే ఈ ఏర్పాటు ఫలించాలంటే నేరం జరిగినట్టు ముందు ఎవరైనా చెప్పాలి. చాలా సంస్థలు పరువు పోతుందని, వాటాదారులు భయపడతారని గుట్టుగా ఉంచి, అప్పటికే లాగ్‌లు చెరిగిపోయాక నోరు విప్పుతాయి. 2018 మే నుంచి అమల్లో ఉన్న ఐరోపా వ్యక్తిగత సమాచార చట్టం, ఉల్లంఘన సంగతి తెలిసిన 72 గంటల్లోగా తెలియజేయాలని నియమం పెట్టింది. అయితే అలా తెలియజేయవలసింది సమాచార గోప్యతను పర్యవేక్షించే సంస్థకే గానీ పోలీసులకు కాదు.