పాత వెయ్యి డాలర్ల నోటు దొరికిందా? బ్యాంకుకి మాత్రం వెళ్ళకండి (అపోహలు - వాస్తవాలు)

మొన్న ఆదివారం మళ్ళీ అదే ఫోన్. "అన్నా, మా మామగారి పెట్టెలో వెయ్యి డాలర్ల నోటు దొరికింది, అది రద్దయిపోయింది కదా, ఇంట్లో ఉంచుకుంటే కేసేమైనా అవుద్దా?" డాలస్‌లో పాత నోట్లు కొని అమ్మే పనిలో పదిహేనేళ్ళుగా ఉన్నా, మనవాళ్ళు ముందు అడిగేది ఇదే.

భయపడటంలో వాళ్ళ తప్పేం లేదు. 2016 నవంబర్‌లో ఏటీఎంల ముందు నిలబడ్డవాళ్ళం, రద్దయిన నోట్లు పదికి మించి దగ్గరుంటే జరిమానా అని 2017లో చట్టం కూడా చేశారు, అంతకుముందు 1946లో, 1978లో కూడా ఇండియాలో పెద్ద నోట్లు పోయాయి. అందుకే "ఆపేశారు" అని వినగానే మనకి "చెల్లదు" అనిపిస్తుంది. అమెరికాలో ఆ కథే లేదు. 500, 1000, 5000, 10,000 డాలర్ల నోట్లు 1945 తర్వాత ప్రింట్ చేయలేదు, 1969 జూలైలో బయటికివ్వడం మానేశారు, అంతే. ఈరోజుకీ చెల్లుతాయి, దాచుకోవచ్చు, అమ్ముకోవచ్చు.

"ఓహో చెల్లుద్దా, అయితే అకౌంట్లో వేసేస్తా" అంటారు చూడండి, అసలు కొంప మునిగేది అక్కడే. బ్యాంకు మీకిచ్చేది నోటు మీద రాసున్న అంకె మాత్రమే. వెయ్యికి వెయ్యి. తర్వాత అది ఫెడరల్ రిజర్వ్‌కి (మన ఆర్‌బీఐ లాంటిది) వెళ్తుంది, అక్కడ ముక్కలు చేసేస్తారు. మర్నాడు వెళ్ళి బతిమాలినా ఏం లాభం లేదు.

నాకు తెలిసిన ఒక డాక్టరు గారు 1968లో ఇక్కడికొచ్చారు, మొదట్లో కూడబెట్టిన డబ్బుతో బ్యాంకులో ఒక వెయ్యి నోటు తీసుకుని భగవద్గీత పుస్తకంలో పెట్టుకున్నారు. ఆయన పోయాక కొడుకు దాన్ని డిపాజిట్ చేసి, ఆ తర్వాత ఫోన్‌లో తీసిన ఫొటో నాకు చూపించాడు. 1934ఏ సిరీస్, ప్రెసిడెంట్ క్లీవ్‌లాండ్ బొమ్మ, ఎడమవైపు నల్ల ముద్రలో చికాగో ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు గుర్తు "జీ", కుడివైపు ఆకుపచ్చ సీలు, మధ్యలో ఒక్కటే మడత, అంచులు నీట్‌గా ఉన్నాయి. రెండింతలకి పైనే పలికేది. ఆ అబ్బాయి డబ్బు గురించి ఒక్క మాట అనలేదు, "నాన్న చేత్తో పెట్టింది అన్నా" అన్నాడు, నాకు నోట మాట రాలేదు. బ్యాంకుకి వెళ్ళేముందు ఒక్క ఫోన్ చేయండి, నాకే కాదు, ఏ డీలర్‌కైనా సరే.

మిగతావి గబగబా చెప్పేస్తా. 1928 నోటు మీద బంగారం ఇస్తామని రాసుంటుంది, ఇప్పుడు ఎవరూ ఇవ్వరు. లక్ష డాలర్ల నోటు నిజమే, ప్రెసిడెంట్ విల్సన్ బొమ్మతో 1934 గోల్డ్ సర్టిఫికెట్, కానీ అది ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులు తమ మధ్యనే వాడుకున్నది, మామూలు మనిషి దగ్గర ఉండకూడదు, ఎవరైనా అమ్ముతానంటే వెళ్ళిపోండి. పది లక్షల డాలర్ల నోటు గవర్నమెంట్ ఎప్పుడూ వేయలేదు. 1840 నాటి బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ వెయ్యి నోటు, నంబర్ 8894, పసుపుగా కరకరలాడే కాగితం, అదా మీ దగ్గరున్నది? నకలు, ఊరూరా దొరుకుతుంది. 2014లో ఒక వెయ్యి నోటు 30 లక్షల డాలర్లు దాటింది కదా అని వాట్సాప్‌లో తిప్పుతారు, అది 1890 నాటి "గ్రాండ్ వాటర్‌మెలన్", వెనక సున్నాలు పుచ్చకాయల్లా ఉంటాయి, మన 1934 నోటుకీ దానికీ పోలికే లేదు.

ఇంకోటి, ఇస్త్రీ చేయకండి, తుడవకండి, మడత విప్పి పుస్తకాల కింద నొక్కకండి. పీఎంజీ (పాత నోట్లని పరీక్షించి గ్రేడ్ ఇచ్చే కంపెనీ) వాళ్ళు లైటు కింద చూస్తే ఇట్టే తెలిసిపోద్ది, రేటు పడిపోద్ది. మురికి నోటు మురికిగానే తీసుకురండి.

ఆదివారం ఫోన్ చేసినాయనకి కూడా ఇదే చెప్పా. నోటు ఇంకా బీరువాలోనే ఉందట, శనివారం మామగారినే వెంటబెట్టుకుని వస్తానన్నాడు.