డాస్ గేమ్ కొత్త కంప్యూటర్‌లో ఎందుకు మొరాయిస్తుంది?

విండోస్‌కి ముందు పీసీల్లో నడిచిన డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన పాత గేమ్‌ని విండోస్ 11లో డబుల్ క్లిక్ చేస్తే, ఈ యాప్ మీ పీసీలో నడవదన్న సందేశమే వస్తుంది. ఫైలు పాడైపోలేదు. ప్రాసెసర్ 64 బిట్ మోడ్‌లో ఉంటే వర్చువల్ 8086 మోడ్ (పాత 16 బిట్ ప్రోగ్రాముల్ని నడిపించే ఏర్పాటు) అందుబాటులో ఉండదు. 32 బిట్ విండోస్‌లో డాస్ ప్రోగ్రాముల్ని నడిపిన ఎన్‌టీవీడీఎం అనే భాగానికి ఆ మోడే ఆధారం. 64 బిట్ విండోస్‌లో అందుకే దాన్ని పెట్టలేదు. విండోస్ 11కి 32 బిట్ వెర్షనే లేదు.

అసలు చిక్కు మాత్రం అంతకంటే పాతది. డాస్‌లో గేమ్ మొదలైందంటే మెషీన్ మొత్తం దాని చేతికి వచ్చేసేది. వీడియో మెమరీలో నేరుగా రాసేది, సౌండ్ కార్డు పోర్టుల్ని తానే తట్టేది. వేగం కావాలంటే అప్పట్లో అదొక్కటే దారి. ఆ మెషీన్ మారినప్పుడల్లా గేమ్‌కి ఏదో ఒకటి తెగిపోయేది.

మొదట తెగింది వేగం. 1981 నాటి ఐబీఎం పీసీ 4.77 మెగాహెర్ట్జ్‌ది. దాన్నే కొలతగా పెట్టుకున్న గేమ్‌లు వేగమైన చిప్‌ల మీద ఆడలేనంతగా పరుగెత్తాయి. పీసీ వేగాన్ని తగ్గించే టర్బో బటన్ వచ్చింది అందుకే. టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ సాధనంలో రాసినవాటికి మరో జబ్బు. దాని సీఆర్‌టీ యూనిట్ (గేమ్‌లో కలిసిపోయే రెడీమేడ్ కోడ్), ఒక టైమర్ టిక్‌లో, అంటే 55 మిల్లీసెకన్లలో, లూప్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి 55తో భాగిస్తుంది. ప్రాసెసర్ మరీ వేగమైనదైతే భాగఫలం 16 బిట్లలో పట్టదు. గేమ్ తెరుచుకోకముందే ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని ఆగిపోతుంది.

మెమరీ సంగతి ఇంకా చిత్రం. తొలి ఐబీఎం పీసీలోని 8088 ప్రాసెసర్ చూడగలిగే 1 మెగాబైట్‌లో పై 384 కిలోబైట్లు వీడియోకి, బయోస్‌కి (పీసీని మొదలుపెట్టే ప్రోగ్రాము) పోగా మిగిలేది 640. మౌస్, సీడీ డ్రైవర్లు కూడా అందులోంచే తినేవి. 1991లో ఎంఎస్-డాస్ 5 ఆ డ్రైవర్లను పైకి ఎక్కించే వీలు ఇచ్చింది. కింద ఖాళీ పెరిగేసరికి కొన్ని గేమ్‌లు ‘ప్యాక్డ్ ఫైల్ ఈజ్ కరప్ట్’ అనడం మొదలెట్టాయి: మొదటి 64 కిలోబైట్లలో లోడైతే వాటి అన్‌ప్యాకర్ (కుదించిన ఫైలును విప్పే భాగం) తప్పుతుంది. లోడ్‌ఫిక్స్ కమాండ్ ఆ చోటును నింపేసి గేమ్‌ను పైకి నెడుతుంది. పాత డాస్ గేమ్‌లను నడిపే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాములోనూ ఆ కమాండ్ ఉంది.

2001లో విండోస్ ఎక్స్‌పీతో ఇళ్లలోని పీసీలు, ప్రోగ్రాముల్ని హార్డ్‌వేర్‌ను నేరుగా తాకనివ్వని విండోస్ ఎన్‌టీ బాట పట్టాయి. డాస్ గేమ్‌ల సౌండ్ దెబ్బతింది. 2002లో వచ్చిన డాస్‌బాక్స్ విండోస్ దయ మీద ఆధారపడకుండా, పాత పీసీనంతా సాఫ్ట్‌వేర్‌లోనే కట్టేసింది. గేమ్ ఫోల్డర్‌ను మౌంట్ కమాండ్‌తో సి డ్రైవ్‌గా చూపించాలి. ఆ తర్వాత చూడాల్సింది సైకిల్స్, అంటే ఒక మిల్లీసెకనులో నడిపే ఆదేశాల సంఖ్య. డాస్‌బాక్స్ 0.74లో పాత రియల్ మోడ్ (8088 పద్ధతిలోనే నడిచే) గేమ్‌లకి 3,000తో మొదలవుతుంది; 486 డీఎక్స్2 66 ప్రాసెసర్ వేగం కావాలంటే సుమారు 25,000. కంట్రోల్ ఎఫ్12 పెంచుతుంది, కంట్రోల్ ఎఫ్11 తగ్గిస్తుంది. పెంచుతుంటే శబ్దం చిట్లిందంటే మీ ప్రాసెసర్ చేతులెత్తేసిందని అర్థం, వెనక్కి తగ్గండి.

సంగీతం వస్తూ పేలుళ్లు, మాటలు మాత్రం వినబడకపోతే ముందు ఐఆర్‌క్యూని (సౌండ్ కార్డు ప్రాసెసర్‌ని పిలిచే లైను నంబరు) అనుమానించండి. పాత యాడ్‌లిబ్ సౌండ్ కార్డు తరహాలో చిప్పే పుట్టించే ఎఫ్ఎం సంగీతానికి ఐఆర్‌క్యూ, డీఎంఏ (మెమరీ నుంచి కార్డుకి నేరుగా డేటా పంపే దారి) అక్కర్లేదు. రికార్డు చేసిన శబ్దాలకి రెండూ కావాలి. చాలా గేమ్‌ల సెటప్ ఐఆర్‌క్యూ 5 అనుకుంటుంది, డాస్‌బాక్స్ ఇచ్చేది 7. సెటప్‌లో పోర్ట్ 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1 పెడితే సరి.

బొమ్మ అడ్డంగా సాగినట్టుంటే డాస్‌బాక్స్ సెట్టింగుల్లో యాస్పెక్ట్‌ను ట్రూ చేయండి. 320×200 బొమ్మను అప్పటి 4:3 మానిటర్ నిలువునా 20 శాతం సాగదీసి చూపేది. గీసినవాళ్లు దాన్ని చూసే గీశారు. పక్కకు జరిగే గేమ్‌లలో కుదుపు మాత్రం సెట్టింగులతో పూర్తిగా పోదు. 320×200 చూపే ఆ వీజీఏ (అప్పటి గ్రాఫిక్స్ ప్రమాణం) మోడ్ సెకనుకి 70 సార్లు తెరను గీసేది, ఇప్పటి మామూలు మానిటర్ గీసేది 60 సార్లే. రిఫ్రెష్ రేటు మార్చుకోగల మానిటర్ అయితేనే ఆ కుదుపు పోతుంది.