ఒక్క చిలక, వంద చిలకలు

హిందూపురం

చిట్టికి, బాబీకి,

తాతయ్య ఆశీస్సులు. మీ ఇంటి నుంచి వచ్చాక బస్సు అలుపు తీరడానికే రెండు రోజులు పట్టింది. వాట్సాప్‌లో పెట్టొచ్చు కదా అంటారని తెలుసు. ఇంత పొడుగు సంగతి చెప్పాలంటే నాకు కాగితమే కావాలి. పైగా అంచుల్లో బొమ్మలు కూడా గీశాను, చూసుకోండి.

చిట్టీ, వార్షికోత్సవానికి స్టేజీ వెనక తెర మీద డిజైన్ వేసే పని నీకిచ్చారనీ, ఐడియా ఒక్కటీ రావట్లేదనీ ఒకటే టెన్షన్ పడ్డావు. సోఫాలో కూర్చుని ఫోన్‌లో వందల డిజైన్లు తిప్పావు. నీ వీపు వెనకే గోడ నిండా ఒక డిజైన్ ఉంది. దానివైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. అప్పుడే అని ఉంటే తాతయ్య క్లాసు పీకుతున్నాడని విసుక్కునేదానివి. ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసినవాడికి ఆ విసుగు కొత్త కాదులే.

ఆ వాల్‌పేపర్ సంగతే చెబుతాను. తలుపు వెనక మూలలో ఒక ఆకు సగం పైన, సగం రెండు వేళ్ల కింద ఉంది, గమనించారా? ఇల్లంతటికీ నాకు బాగా నచ్చింది ఆ తప్పే. మీ నాన్న గోడ చదరపు అడుగులు లెక్కేసి సరిగ్గా అన్నే రోల్స్ తెచ్చాడు. రోల్ అర మీటరుకు కాస్త పైన వెడల్పు, పది మీటర్ల పొడవు. లెక్క తప్పలేదు. కానీ పక్కపక్క ముక్కల్లో ఆకుకి ఆకు, తీగకి తీగ కలవాలంటే ప్రతి ముక్కకీ పైనో కిందో కొంత కోసి పారేయాలి. ఆ తరుగు నాన్న లెక్కలో లేదు. చివరికి కాగితం చాలక, అతికించేవాడు మిగిలిన తుంటలతో తలుపు వెనక సర్దేశాడు. డిజైన్ ఎలా నడుస్తుందో తెలియాలంటే అది తడబడిన చోటే చూడాలి.

ఒక పని చేయండి. గోడ మీద ఏదో ఒక ఆకు కొస మీద వేలు పెట్టి, పక్కకి జరుపుతూ వెళ్లండి. సరిగ్గా అదే ఆకు, అదే వంపు మళ్లీ వచ్చిన చోట ఆగి, మధ్య దూరం టేపుతో కొలవండి. తర్వాత కిందికి జరిపి కొలవండి. గోడంతా కనిపించే తోట నిజానికి ఆ రెండు కొలతల మధ్య ఇమిడే ఒకే ముక్క. మిగతాదంతా దాని నకలే. పక్కకి జరిపినప్పుడు అదే ఎత్తులో ఆకు కనిపించకపోవచ్చు. సగం మెట్టు కిందికి దిగి కనిపిస్తుంది. మీ హాల్లో ఉన్నది అలాంటిదే.

దీన్ని అర్థం చేసుకోవడానికి వేరే పుస్తకం అక్కర్లేదు, నానమ్మని అడగండి. ముగ్గు వేసేముందు చుక్కలు సరిచుక్కలా, సందుచుక్కలా అని చెప్పుకుంటారు కదా. వరస కింద వరస, చుక్క కింద చుక్క పెడితే సరిచుక్క. పై రెండు చుక్కల సందులో కింది చుక్క పడితే సందుచుక్క. మీ గోడ కాగితం సందుచుక్క ముగ్గు, అంతే. ఇటుకల గోడ కూడా అదే పద్ధతి. ఇలా సగం దించితే పూలు కంటికి వరసగా నిలబడినట్టు ఉండవు, చల్లినట్టు ఉంటాయి. డిజైన్ గీసేవాళ్లు దీన్ని ఎంతగా వాడారో చెప్పలేం.

నేనీ పాఠం పరువు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కుర్రతనంలో ధర్మవరంలో ఒక మగ్గం యజమానికి చీర మీదికి బుటా గీసిచ్చాను. చిలక. రెక్కలో ఈకలన్నీ కనపడేలా, ముక్కు ఎర్రగా, గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ నింపి మూడు రాత్రులు కూర్చున్నాను. ఆయన జాకార్డ్‌కి, అంటే మగ్గం మీద డిజైన్ నేసే యంత్రానికి, చిల్లుల అట్టలు కొట్టించి మూర గుడ్డ నేయించి చూపించాడు. చిలకలన్నీ ఒకే వైపు చూస్తూ, ఒకదాని వెనక ఒకటి రేషన్ షాపు ముందు క్యూలా నిలబడ్డాయి. పైగా తోకలన్నీ కలిసి చీరకి అడ్డంగా ఒక ఏటవాలు గీత పడింది. ఆ గీత నేను గీయలేదు, దానంతటది పుట్టింది. ఆయన మెల్లగా, "సార్, ఒక్క చిలక చాలా బాగుంది. వంద చిలకలే బాగాలేవు" అన్నాడు. నా ముప్పై ఏళ్ల పాఠాలన్నీ కలిపినా ఆ మాటకి సరిరావు.

ఆ తర్వాతే నేను లేపాక్షిని బుద్ధిగా చూడటం మొదలుపెట్టాను. మనకి పదిహేను కిలోమీటర్లు. చిన్నప్పటి నుంచీ వెళ్తున్నదే, కానీ అందరిలాగే వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చడం, నందిని చూడటం, ఇంటికి రావడం. గుడి వెనకవైపు లతా మంటపం ఉంది. పైకప్పు లేని ఆవరణలో స్తంభాలు, ఒక్కో స్తంభం మీద ఒక్కో రకం చెక్కడం. తీగలు, పద్మాలు, హంసలు, వలలాంటి అల్లికలు. పదహారో శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి అది. ఆ స్తంభాల మీది నమూనాలు తర్వాత ఎన్ని చీరల అంచుల్లోకి దిగాయో లెక్కలేదు. "లేపాక్షి డిజైన్" అని బట్టల షాపులో అంటే వెంటనే తీసి చూపిస్తారు.

అక్కడ పెన్సిల్‌తో కూర్చున్నప్పుడు నాకు తట్టిందేమిటంటే, ఏ ఒక్క పువ్వూ గొప్పది కాదు. నేను గీసిన చిలకకి సగం పనితనం కూడా లేదు వాటిలో. కానీ పువ్వుకీ పువ్వుకీ మధ్య సందు కూడా ఒక ఆకారంలా చెక్కారు. సందు వృథాగా మిగిలిపోలేదు. ఇక లోపల నాట్యమంటపంలో తలెత్తితే కప్పు మీద రంగుల బొమ్మలు. శివపార్వతుల కల్యాణం, కిరాతార్జునీయం. అందరూ దేవుళ్లని చూస్తారు, నేను వాళ్ల బట్టల్ని చూస్తాను. వరసగా నిలబడిన ఆడవాళ్ల చీరలు చూడండి, ఒకదానికి చారలు, ఒకదానికి గళ్లు, ఇంకొకదానికి పూలు. రంగులు మాత్రం కొన్నే. కావిరంగు, పసుపు, నలుపు, తెలుపు, కాస్త ఆకుపచ్చ. చిట్టీ, నీ దగ్గర నలభై ఎనిమిది రంగుల డబ్బా ఉంది కదా, దాన్ని బీరువాలో పెట్టి మూడింటితో మొదలుపెట్టు.

"నాకు మనుషులు, పక్షులు గీయడం రాదు తాతయ్యా" అన్నావు. ఇంగ్లండ్‌లో విలియం మోరిస్ అని వాల్‌పేపర్లకే పేరుపడ్డ మనిషి ఉండేవాడు. 1862లో తన తోటలో గులాబీ తీగ పాకించిన చెక్క జాలీని చూసి కాగితానికి డిజైన్ గీశాడు. తీగ బాగా వచ్చింది. పిట్టలు ఆయన చేతికి లొంగలేదు. స్నేహితుడు ఫిలిప్ వెబ్ చేత పిట్టలు వేయించుకున్నాడు. అందులో సిగ్గేముంది? ఆ కాగితంలో జాలీ గడులు దాపరికం లేకుండా పైకే కనిపిస్తాయి, అందుకని నేర్చుకునేవాళ్లకి మంచి పాఠం. తర్వాత 1875లో ఆయనే వేసిన పెద్ద పెద్ద ఆకుల కాగితంలో గడి ఎక్కడుందో వెతికి పట్టుకోవాలి. దాన్ని అచ్చు వేయడానికి 30 చెక్క దిమ్మలు కావాల్సి వచ్చింది. మొదట గడి కనపడేలా గీయి, తర్వాత దాచడం నేర్చుకుందువు.

దిమ్మలంటే గుర్తొచ్చింది. గోడ కాగితం దొరల సొమ్మని మీ నాన్న అన్నాడు, పూర్తిగా ఒప్పుకోను. మచిలీపట్నం వైపు నుంచి కలంకారీ గుడ్డలు పదిహేడో శతాబ్దంలో ఓడలెక్కి యూరప్ వెళ్లాయి. మన పెద్దవాళ్లు చీటిగుడ్డలనే బట్టలు కూడా ఆ కుటుంబమే. అక్కడ వాటిని పక్కల మీద పరిచారు, గోడలకి వేలాడదీశారు. ఎంత ఎగబడ్డారంటే, తమ నేతగాళ్ల పొట్ట కొడుతున్నాయని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండూ తన వంతు చట్టాలు చేసింది. గుడ్డ కొనలేనివాళ్ల కోసం అదే పూల తీగని కాగితం మీద అచ్చేసి గోడకి అంటించేవాళ్లు కూడా వచ్చారు. కాబట్టి మీ హాల్లో పాకుతున్న తీగకి మచిలీపట్నం పక్కనున్న కలంకారీ ఊరు పెడన వైపు చుట్టరికం ఉన్నా ఉండొచ్చు.

ఇప్పుడు బాబీ. నీకు బొమ్మలంటే విసుగు, లెక్కలంటే ఇష్టం. ఇది నీ కోసం. ఒక నమూనాని గోడంతా పరచాలంటే నువ్వు చేయగలిగింది నాలుగే. జరపడం, తిప్పడం, అద్దంలో చూపించినట్టు మార్చడం, తడి ఇసుకలో కుడి ఎడమ పాదాల జాడల్లా మారుస్తూ ముందుకు జరపడం. వీటిని ఎన్ని రకాలుగా కలిపినా తేలేవి సరిగ్గా 17 పద్ధతులు. పద్దెనిమిదోది లేదు. ఫెదొరోవ్ అనే రష్యన్ స్ఫటిక శాస్త్రవేత్త 1891లో దీన్ని నిరూపించాడు. గణితంలో వీటిని వాల్‌పేపర్ గ్రూపులనే పిలుస్తారు, నీకు నవ్వొస్తుంది గానీ నిజం. ఎషర్ అనే డచ్చి చిత్రకారుడు 1936లో స్పెయిన్‌లోని అల్హంబ్రా కోట గోడల మీది పలకల్ని కూర్చుని నకలు తీసుకున్నాడు. ఆ తర్వాతే ఆయన బొమ్మల్లో చేపలు, పక్షులు, బల్లులు సందు లేకుండా ఒకదానిలో ఒకటి ఇరుక్కోవడం ఊపందుకుంది. నీకొక పని ఇస్తున్నాను. అన్ని భుజాలూ, కోణాలూ సమానంగా ఉన్న అయిదు మూలల అట్టముక్కలు కత్తిరించి, సందు రాకుండా నేల మీద పరచడానికి ప్రయత్నించు. తర్వాత ఆరు మూలలవి పరిచి చూడు. తేడా ఏమిటో నాకు రాయి.

మళ్లీ నీ తెర దగ్గరికి వస్తాను చిట్టీ. చదరంగా ఒక కాగితం తీసుకుని, మధ్యలో నీకు నచ్చింది గీయి. వేపరెమ్మ గీస్తావో, మీ స్కూలు గేటు జాలీ గీస్తావో నీ ఇష్టం. అంచుల్ని తాకకూడదు. కాగితాన్ని నిలువుగా సగానికి కోసి, కుడి ముక్కని ఎడమకీ ఎడమ ముక్కని కుడికీ మార్చి వెనక టేపు అంటించు. ఇప్పుడు అడ్డంగా కోసి, పైముక్క కిందికి, కిందిముక్క పైకి. నువ్వు గీసిందంతా నాలుగు మూలలకీ పోయి మధ్యలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని నింపు, మళ్లీ అంచుల్ని తాకకుండా. దాన్ని జిరాక్స్ తీయించి పక్కపక్కన, పైనకింద పెడితే ఎక్కడా అతుకు కనపడదు. పదహారు కాపీలు గోడకి అంటించి, గది అవతలి చివర నిలబడి కళ్లు సగం మూసి చూడు. నా చిలకల తోకల్లా ఏదైనా అక్కర్లేని గీత పడిందంటే కనిపిస్తుంది. అప్పుడు ఒక ఆకు తీసేయి, లేదా ఒక రెమ్మని అటు తిప్పు. తెర మీద రంగు పడ్డాక దిద్దుకోలేవు, ఈ పనంతా జిరాక్స్ దశలోనే.

సంక్రాంతికి వచ్చినప్పుడు ముగ్గురం లేపాక్షి వెళ్దాం. చేతిలో ఇమిడే అద్దం ఒకటి తెచ్చుకోండి, ఫ్రేమ్ లేనిదైతే మేలు. అద్దాన్ని నడుము దగ్గర వెల్లకిలా పట్టుకుని అందులోకి చూస్తూ నడిస్తే, మెడ నొప్పి లేకుండా కప్పు మీది చీరలన్నీ చూసేయొచ్చు. మొదటిసారి నన్నలా చూసిన కాపలావాడు, మాస్టారు తన మొహం చూసుకుంటున్నాడనుకున్నాడు.

తలుపు వెనక ఆ అతుకు మీద క్యాలెండర్ తగిలించొద్దని అమ్మతో చెప్పండి, నేను వచ్చి ఇంకోసారి కొలవాలి.

మీ
తాతయ్య