అనుమతి లేని అంతస్తులు, మూసుకుపోయిన సెట్‌బ్యాక్‌లు: మున్సిపల్ చర్యలపై అపోహలు - వాస్తవాలు

ప్లాన్‌లో స్టిల్ట్ (కింద స్తంభాల మధ్య పార్కింగ్) మీద రెండంతస్తులు. సైట్‌లో నాలుగు, ఆపైన పెంట్‌హౌస్. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తారు, మున్సిపాలిటీ నోటీసు ఇస్తుంది, ఓనర్ కోర్టుకెళ్లి స్టే తెచ్చుకుంటారు, ఫైలు బీరువాలోకి చేరుతుంది. హైదరాబాద్ అయినా విజయవాడ అయినా వరస ఇదే. చట్టంలో అధికారాలు కావలసినన్ని ఉన్నాయి. వాటిని ఎప్పుడు, ఏ క్రమంలో వాడాలన్న దగ్గరే తప్పులు జరుగుతున్నాయి. వార్డు స్థాయి టౌన్ ప్లానింగ్ సిబ్బందికి, కాలనీ సంఘాలకు, ఫ్లాట్ కొనబోయేవాళ్లకు అక్కరకొచ్చే విషయాలు ఇవి.

అపోహ: జేసీబీ వస్తేనే చర్య తీసుకున్నట్టు

జేసీబీ దాకా వచ్చిందంటే అసలు చర్య తీసుకోవాల్సిన సమయం దాటిపోయిందని అర్థం. నోటీసు, వివరణ, ఉత్తర్వు అన్నీ పద్ధతిగా జరిగితే నెలన్నర ఎటూ పడుతుంది. స్లాబ్ అంతసేపు ఆగదు. కాంక్రీటు పనుల జాతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబ్ కింద ప్రాప్స్ (ఊతకర్రలు) 7 రోజులకు తీసేయొచ్చు, అంతకు మించితే 14 రోజులు. చురుకైన మేస్త్రీ చేతిలో నెల తిరిగేసరికి ఇంకో అంతస్తు లేస్తుంది, చిన్న ప్లాట్లయితే ఒక్కోసారి రెండు. వరుస సెలవులు చూసుకుని స్లాబ్ వేసేవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు.

అందుకే చూడాల్సింది పునాది దశ. ముగ్గు పోసిన రోజో, ప్లింత్ బీమ్ (పునాది మీది బీమ్) వేసే ముందో టేపు పట్టుకుని నాలుగు వైపులా కొలిస్తే సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఉల్లంఘన అప్పుడే బయటపడుతుంది. ప్లాన్‌లో పక్కన 1.5 మీటర్లు వదలాలని ఉండి సైట్‌లో 1.2 ఉంటే ఆ రోజే పని ఆపించొచ్చు, ఓనర్‌కు పోయేది కొన్ని బస్తాల సిమెంటే. కాలమ్‌ల లెక్క, సైజు కూడా చూడాలి. రెండంతస్తుల ప్లాన్‌కు ఐదంతస్తుల ఫుటింగులు తవ్వుతుంటే ఉద్దేశం అక్కడే కనిపిస్తుంది. రెండో తనిఖీ మొదటి స్లాబ్ దగ్గర, మూడోది ఆఖరి స్లాబ్ షట్టరింగ్ కొట్టేటప్పుడు. ఈ మూడింటికీ తేదీ, కొలతలు, ఫోటోలు ఫైల్లో ఉంటే తర్వాతి వాదన సగం తేలికవుతుంది.

అపోహ: 2024 సుప్రీంకోర్టు తీర్పుతో కూల్చే అధికారమే పోయింది

2024 నవంబర్ 13న జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్ ధర్మాసనం ఇచ్చిన తీర్పు అధికారాన్ని తీసేయలేదు. దానికి ఒక క్రమం పెట్టింది. నిజాయితీగా పని చేసే ఉద్యోగికి ఆ క్రమమే పెద్ద రక్ష.

నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లాలి, భవనం మీద కనపడేచోట అంటించాలి. అందిన రోజు నుంచి కనీసం 15 రోజుల గడువు. జారీ చేయగానే కలెక్టర్ కార్యాలయానికి ఈమెయిల్ వెళ్లాలి, ఆటోమేటిక్‌గా వచ్చే జవాబును ఫైల్లో పెట్టాలి. పాత తేదీ వేశారన్న ఆరోపణకు అది తిరుగులేని జవాబు. నోటీసులో ఉల్లంఘన ఏమిటో, ఏ కారణంతో కూల్చదలచారో, ఏ పత్రాలు తేవాలో, విచారణ ఏ రోజు ఎవరి ముందో రాయాలి. స్వయంగా విని, ఆ మాటలు రికార్డు చేయాలి. తుది ఉత్తర్వులో ఓనర్ వాదన, దానికి జవాబు, ఉల్లంఘన కాంపౌండ్ చేయదగిందో (రుసుముతో సరిదిద్దదగిందో) కాదో ఉండాలి. కొంత భాగమే అక్రమమైతే కూల్చివేత తప్ప మరో దారి ఎందుకు లేదో కూడా చెప్పాలి. ఉత్తర్వు ఇచ్చాక ఓనర్ తానే తొలగించుకోవడానికో, అప్పీలుకో మరో 15 రోజులు. ఆ తర్వాత ఇద్దరు పంచుల (సాక్షుల) సంతకాలతో తనిఖీ నివేదిక, వీడియో చిత్రీకరణ, ఎవరెవరు పాల్గొన్నారో పేర్లతో కూల్చివేత నివేదిక. వీటిని ఉల్లంఘిస్తే ధిక్కారంతో పాటు పునర్నిర్మాణం ఖర్చు అధికారి జేబులోంచే వసూలవుతుంది.

రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైను పక్కన, నది, చెరువుల్లో ఉన్న అక్రమ కట్టడాలకు, కోర్టే కూల్చమన్నవాటికి ఈ ఆదేశాలు వర్తించవు. అలాగని నాలుగు గోడల కొలత కూడా లేకుండా వెళ్లిపోవచ్చని కాదు. చెరువు కేసుల్లో అసలు తగాదా ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే మట్టం) గీత ఎక్కడన్నదే. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ (కట్టకుండా వదలాల్సిన స్థలం) అని 2012 జీవో 168 చెబుతోంది. నోటిఫై చేసిన పటం, సర్వే కొలత లేకుండా ఆ 30 మీటర్లు ఎక్కడి నుంచి లెక్కపెట్టారని జడ్జి అడిగితే జవాబుండదు.

ఇక పని ఆపమనడానికీ, సీల్ వేయడానికీ ఈ తీర్పు అడ్డుకాదు. జీహెచ్ఎంసీ (హైదరాబాద్ కార్పొరేషన్) 1955 చట్టంలో సెక్షన్ 452 షోకాజ్‌కు (వివరణ అడిగే నోటీసుకు), 461-ఎ సీల్ వేయడానికి, 636 ఓనర్ చేయని పనిని కార్పొరేషన్ చేసి ఖర్చు రాబట్టడానికి. విజయవాడ, విశాఖల్లోనూ ఇదే 1955 చట్టం మూలం. మున్సిపల్ సిబ్బంది నోటీసులు ఎక్కువగా వీగిపోయేది 452, 636 ఒకదాన్నొకటి మింగేసినప్పుడు. వివరణ వచ్చింది, దాన్ని చదివినట్టు ఒక్క వాక్యం లేదు, "వివరణ సంతృప్తికరంగా లేదు" అని రాసి నేరుగా 636 ఇచ్చేశారు. హైకోర్టులో ఆ ఫైలు మొదటి వాయిదాకే తిరిగొస్తుంది. ఓనర్ చెప్పిన ఒక్కో పాయింటుకు ఒక్కో జవాబు రాయడానికి గంట పడుతుంది, ఆ గంట మిగుల్చుకుంటే ఏడాది పోతుంది.

అపోహ: బీపాస్ చట్టంలో నోటీసు అక్కర్లేదని ఉంది కదా

తెలంగాణలో ఆన్‌లైన్ నిర్మాణ అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టంలో అలాంటి అధికారం ఉన్న మాట నిజమే. 600 చదరపు గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి దొరుకుతుంది కాబట్టి, అబద్ధం చెప్పినవాళ్లకు కఠినంగా ఉండాలన్నది దాని ఆలోచన. 2024 తీర్పు తర్వాత మాత్రం, జనం కాపురముంటున్న ఇంటి మీదికి ఆ ఒక్క సెక్షన్ పట్టుకుని వెళ్లకండి. తప్పుడు ధ్రువీకరణ దొరికితే తనిఖీ గడువులోనే అనుమతి రద్దు చేయడం మేలు. రద్దయిన కాగితం చేతిలో ఉంటే మిగతాదంతా సాఫీగా నడుస్తుంది.

అపోహ: పన్ను కడుతున్నాం, మీటరుంది, రిజిస్ట్రేషన్ అయింది, ఇంకేం కావాలి?

ఈ మూడింటిలో ఏదీ నిర్మాణ అనుమతి కాదు. పన్ను విషయంలోనైతే చట్టమే స్పష్టంగా చెబుతోంది. సెట్‌బ్యాక్ ఉల్లంఘన 10 శాతం లోపు ఉంటే పన్నులో 25 శాతం, దాటితే 50 శాతం, అనుమతి లేని అంతస్తుకు, అసలు అనుమతే లేని ఇంటికి 100 శాతం జరిమానా. ఇవి కట్టినంత మాత్రాన క్రమబద్ధీకరణ అయినట్టు కాదని అక్కడే రాసుంది. బిల్లులో జరిమానా వరస కనిపిస్తే, ఆ ఇంటి మీద ఉల్లంఘన నమోదై ఉందని కొనేవాళ్లు గ్రహించాలి.

అసలు చూడాల్సింది ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ. చిన్న ఇళ్లు మినహా మిగతావాటిలో నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ (తనఖా) చేయించుకునేది ఇందుకే. ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. సరిగ్గా ఆ మార్ట్‌గేజ్ చేసిన ఫ్లాటునే ముందు అమ్మేసే బిల్డర్లున్నారు. అది రిజిస్టరైన మార్ట్‌గేజ్ అయితే ఈసీలో (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపిస్తుంది, అడ్వాన్సు ఇచ్చే ముందే ఈసీ తీయండి.

2024 డిసెంబర్ 17న మీరట్‌లోని ఒక అక్రమ కట్టడం కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లింది. ఓసీ చూశాకే కరెంటు, నీరు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలి. బ్యాంకులు ఓసీ చూసుకునే అప్పివ్వాలి. అక్రమ భవనంలో ట్రేడ్ లైసెన్సు ఇవ్వకూడదు. మంజూరైన ప్లాన్ సైట్ దగ్గర ప్రదర్శించాలి. జేసీబీ కన్నా ఇవే బలమైన సాధనాలని మా అభిప్రాయం. కనెక్షన్ రాని ఫ్లాటును ఎవరూ కొనరు, కొనేవాళ్లు లేకపోతే ఐదో స్లాబ్ వేయరు. మున్సిపాలిటీ చేయాల్సింది ఒక్కటే: ఓసీ లేని భవనాల జాబితాను డిస్కంకు (కరెంటు సంస్థకు), వాటర్ బోర్డుకు ప్రతి నెలా రాతపూర్వకంగా పంపి, అందినట్టు సంతకం తీసుకోవడం.

అపోహ: బీఆర్ఎస్ (భవనాల క్రమబద్ధీకరణ పథకం) దరఖాస్తు పెట్టాం, ఇక ముట్టుకోకూడదు

దరఖాస్తు అనుమతి కాదు. పైగా తెలంగాణ 2015 పథకం ఆ ఏడాది అక్టోబర్ 28 లోపు కట్టినవాటికే. ఆ తర్వాత లేచిన అంతస్తుకు పాత రసీదు పనికిరాదు. దరఖాస్తుతో ఇచ్చిన ఫోటోనూ, ఇప్పటి భవనాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే అదనపు అంతస్తు ఎప్పటిదో తేలిపోతుంది.

అపోహ: స్లాబ్‌కు నాలుగు కన్నాలు పెడితే కూల్చినట్టే

ఇది అందరికన్నా ఎక్కువగా సిబ్బందే తెలుసుకోవాలి. ఐదంగుళాల స్లాబ్‌లో మూడడుగుల కన్నం కొడతారు. కాంక్రీటు రాలుతుంది, ఊచలు మాత్రం జల్లెడలా అలాగే ఉంటాయి. ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. ఓనర్ కింద ప్లైవుడ్ బిగించి, పైనుంచి కొత్త కాంక్రీటు పోసి, వారంలో సిమెంటు పూత పూయించేస్తారు. పాత, కొత్త కాంక్రీటు సరిగా అతకని ఆ అతుకు మీద రేపు ఒక కుటుంబం కాపురముంటుంది. మొదట ఉన్న ఉల్లంఘన అలాగే ఉంది, కొత్తగా ప్రమాదం తోడైంది.

సరైన పద్ధతి వేరు. కింది అంతస్తులో ప్రాప్స్ పెట్టి, పైనుంచి కిందికి రావాలి. బీమ్‌కూ బీమ్‌కూ మధ్య ప్యానెల్ మొత్తం తీసేసి, ఊచల్ని బీమ్ అంచు దాకా గ్యాస్ కట్టర్‌తో కోయాలి. సక్రమ అంతస్తుల భారం మోసే కాలమ్‌ల జోలికి వెళ్లకూడదు. సెట్‌బ్యాక్‌లోకి పొడుచుకొచ్చిన బాల్కనీ అయితే ముందు ప్రాప్స్ తప్పనిసరి, ఎందుకంటే దాని బలమంతా పైపొరలోని ఊచల్లో ఉంటుంది, అవి తెగగానే ఒక్కసారిగా వాలిపోతుంది. నివేదికలో "పాక్షికంగా తొలగించాం" అని వదిలేయకుండా ఎన్ని చదరపు మీటర్లు తీశారో, ఎంత మిగిలిందో రాసి, పక్షం తర్వాత మళ్లీ వెళ్లి చూడాలి.

అపోహ: స్టే వచ్చిందంటే ఇక చేతులు కట్టుకోవాల్సిందే

ఉత్తర్వు పూర్తిగా చదవండి. చాలావాటిలో ఉండేది యథాతథ స్థితి, అది ఓనర్‌నూ కట్టేస్తుంది. ఉత్తర్వు అందిన రోజే వెళ్లి ఎన్ని స్లాబులున్నాయో, ఏ గోడ ఎంత లేచిందో పంచనామా రాసి ఫోటోలు తీస్తే, తర్వాత ఒక్క ఇటుక పెట్టినా ధిక్కారం కింద చూపొచ్చు. సివిల్ కోర్టుకెళ్తారనిపిస్తే నోటీసు రోజే కేవియట్ (మా వాదన వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే కోరే పిటిషన్) వేయాలి, 90 రోజులు పనిచేస్తుంది. హైకోర్టులో మున్సిపాలిటీ వాదన వినకుండా మధ్యంతర ఉత్తర్వు వస్తే రాజ్యాంగం 226(3) కింద రద్దు పిటిషన్ వేయొచ్చు, రెండు వారాల్లో తేల్చాలని అందులో ఉంది. చాలా స్టేలు ఏళ్ల తరబడి ఉండిపోవడానికి కారణం మున్సిపాలిటీ కౌంటరే (రాతపూర్వక జవాబే) వేయకపోవడం.

అపోహ: "అక్రమ కట్టడం, చర్య తీసుకోగలరు" అని రాస్తే ఫిర్యాదు అయినట్టే

ఫిర్యాదులో ప్లాట్ నంబరు, సర్వే నంబరు, అనుమతి నంబరు, ప్లాన్‌లో ఎన్ని అంతస్తులు, సైట్‌లో ఎన్ని, తేదీ కనిపించే ఫోటోలు ఉండాలి. ప్లాన్ లేకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫిర్యాదు మాత్రం అప్పటిదాకా ఆపకండి, స్లాబ్ మీకోసం ఆగదు. పక్కింటితో గోడ తగాదా, దారి తగాదా ఇందులో కలపొద్దు. అవి కలిస్తే ఇది సివిల్ వివాదమంటూ ఫైలు మూసేయడానికి సాకు దొరుకుతుంది.

అపోహ: శిథిల భవనం కూలిస్తే కిరాయిదారు హక్కు పోతుంది

పోదు. భవనాన్ని మున్సిపాలిటీ కూల్చినంత మాత్రాన కిరాయి హక్కు రద్దు కాదని 2014లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల ధర్మాసనం చెప్పింది. ఈ సంగతి తెలియకే పాత బస్తీల్లో కిరాయిదారులు పెచ్చులూడే కప్పు కింద ప్రాణాలు పణంగా పెట్టి కూర్చుంటారు. ప్రమాదకర భవనాలకు ఇచ్చే 1955 చట్టం సెక్షన్ 456 నోటీసు ఓనర్‌తో పాటు ఉన్నవాళ్లకూ ఇవ్వాలి. ఖాళీ చేయించే ముందు ఒక్కో కిరాయిదారు ఏ గదిలో, ఎంత కొలతలో, ఎంత అద్దెకు ఉన్నారో రాసి, ఇద్దరు పంచుల సంతకాలతో ఒక ప్రతి వాళ్ల చేతికివ్వాలి. వానలు మొదలవకముందే, ఏప్రిల్, మే నెలల్లోనే ఈ పని ముగించాలి.