నారు ముదరక ముందే

ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్ పల్లెల్లో ఒకదాంట్లో మా ఇల్లు. ఓ జూన్‌లో కోడిగుడ్ల కోసం పక్క పొలం వాళ్ళింటికి వెళ్తే, వంటింటి తలుపు తీయగానే రెండు కుక్కపిల్లలు నా కాళ్ళ మధ్య నుంచి దూసుకుపోయాయి. గార్లాండ్, గాసిప్. ఒకే ఈతలో పుట్టిన అక్కచెల్లెళ్ళు, అప్పటికి తొమ్మిది వారాల పసివి. తెల్లటి ఒంటి మీద ఇటుకరంగు మచ్చలు, ఒంటికి మించిన పాదాలు. గాసిప్ నోట్లో ఆ ఇంటావిడ రబ్బరు బూటు. పిల్ల కంటే బూటే పొడుగు. అయినా వదలకుండా వెనక్కి వెనక్కి నడుస్తూ దాన్ని పెరడంతా ఈడ్చింది. గార్లాండ్ మాత్రం పిల్లలకోడిని చూసి ఆగింది. మెడ చాచి, ఒక్కో అడుగే వేసుకుంటూ దగ్గరికి వెళ్ళింది. కోడి ఈకలు నిక్కబొడుచుకుని సరిగ్గా ముక్కు మీద ఒక్క పోటు పొడిచింది. కుయ్‌మంటూ వచ్చి ఆవిడ పాదాల మధ్య దూరింది పాపం. "పాఠం అయిపోయింది, ఇక కోళ్ళ జోలికి పోదు" అందావిడ.

ఆ పిల్లలు ఆవిడవి కావు. దగ్గర్లో ఉన్న ఒక హంట్‌వి. హంట్ అంటే మొదట నక్కల వేట కోసం ఏర్పడిన బృందం: గుర్రాల మీద మనుషులు, వాళ్ళ ముందు వాసన పట్టి పరిగెత్తే ఫాక్స్‌హౌండ్ జాతి వేటకుక్కల గుంపు. వాటిని కుక్కలంటే అక్కడివాళ్ళు నొచ్చుకుంటారు, హౌండ్లనే అనాలి. లెక్క కూడా జతల్లోనే: 17 ఉంటే ఎనిమిదిన్నర జతలంటారు. పేరు పెట్టేటప్పుడు తల్లి పేరులోనో తండ్రి పేరులోనో మొదటి అక్షరం తీసుకుంటారు, అందుకే మన రెండూ 'గ'తో మొదలయ్యాయి. ఎనిమిది, పది వారాలు నిండిన పిల్లల్ని సాధారణంగా జతలుగా చుట్టుపక్కల రైతుల ఇళ్ళకి పంపుతారు. దీన్ని 'వాక్‌కి పంపడం' అంటారు, పెంచేవాళ్ళు 'పప్పీ వాకర్లు'. ఆరు నెలలో, ఎనిమిది నెలలో, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువో గడిచాక పిల్లలు తిరిగి కెన్నెల్‌కి, అంటే హంట్ వాళ్ళ కుక్కల శాలకి, వెళ్ళిపోతాయి. ఇదేమీ కొత్త ఆచారం కాదు. పీటర్ బెక్‌ఫర్డ్ అనే ఆయన వేటకుక్కల గురించి 1781లో అచ్చువేసిన పుస్తకంలోనే దీని ప్రస్తావన ఉంది.

నాకు అర్థం కానిదల్లా ఒకటే. పెద్దయ్యాక అరవై, డెబ్బై కుక్కలతో కలిసి గడ్డి పరిచిన చెక్క అరుగుల మీద పడుకోబోయే జంతువుకి వంటింటి వెచ్చదనం ఎందుకు రుచి చూపించడం? అక్కడే ఉంచేస్తే పోదా?

మాది గోదావరి జిల్లా. నారుమడి చూసి పెరిగినవాణ్ణి. పాతిక రోజుల నారు పీకి నాటితే నాలుగు రోజులు వాలిపోయినా మళ్ళీ తేరుకుని గుబురుగా పిలకలు వేస్తుంది. అదే నారు మడిలోనే ముదిరిపోయాక నాటామా, ఎంత నీరు పెట్టినా, ఎంత ఎరువు చల్లినా పిలక వేయదు. కుక్కపిల్ల మెదడుకీ అలాంటి ఒక అదను ఉందని నాకు తర్వాత తెలిసింది.

కుక్కపిల్ల పుట్టినప్పుడు కళ్ళు తెరవదు, చెవులు వినవు. రెండో వారంలో కళ్ళు విప్పుతుంది, మూడో వారానికి చెవులు తెరుచుకుంటాయి. అప్పటి నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా ఎదురైన ప్రతిదాన్నీ 'ఇది నా లోకంలోదే' అని రాసుకుంటూ పోతుంది: మనిషి అడుగుల చప్పుడు, కుక్కర్ విజిల్, గొర్రెల వాసన, గొడుగు విప్పడం. మొదట్లో కుతూహలం ఎక్కువ, భయం తక్కువ. వారాలు గడిచేకొద్దీ భయం పెరిగి కుతూహలాన్ని దాటేస్తుంది. ఆ తర్వాత ఎదురయ్యే కొత్త వస్తువు ముందు శత్రువు, చుట్టం అవునో కాదో తర్వాత సంగతి.

దీన్ని కొలిచి చూపించింది అమెరికాలో, మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో ఉన్న జాక్సన్ లేబొరేటరీ. ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అనే ముగ్గురు 1961లో ప్రచురించిన ప్రయోగం చదువుతుంటే ఒకపక్క ఆశ్చర్యం, ఒకపక్క దిగులు. కాకర్ స్పానియల్, బీగిల్ పిల్లల్ని (బీగిల్ కూడా హౌండే) ఎత్తయిన కంచె కట్టిన విశాలమైన ఆవరణల్లో తల్లితోపాటు ఉంచారు. మనిషి ఎదురుపడకుండా తిండీ నీళ్ళూ అందేలా ఏర్పాటు చేశారు. ఒక్కో గుంపు పిల్లల్ని ఒక్కో వయసులో, రెండో వారంలో, మూడు, ఐదు, ఏడు, తొమ్మిదో వారంలో, ఒకే ఒక్క వారం పాటు లోపలికి తెచ్చి ఆడించి మళ్ళీ వదిలేశారు. కొన్నింటిని అసలు తేలేదు. పద్నాలుగో వారంలో అన్నింటినీ పరీక్షించారు. రెండో వారంలో తెచ్చినవి మరీ పసివి, ఆ ముద్ర పెద్దగా మిగల్లేదు. మూడో వారంవి వెంటనే మనిషి దగ్గరికి వచ్చాయి. ఏడో వారంవి రెండు రోజులు బెదిరి, ఆ తర్వాత కలిసిపోయాయి. తొమ్మిదో వారంవి ఇంకా ఎక్కువ బెదిరాయి. మనిషిని ఎరగనివి మాత్రం అడవి జంతువుల్లా తయారయ్యాయి. వాటిలో ఒకదాన్ని ఆ తర్వాత మూడు నెలలు ఓపికగా చేరదీస్తే మారింది కొద్దిగానే.

ఒక్క వారం! పద్నాలుగు వారాల్లో ఒక్క వారం మనిషి చెయ్యి తగలడమే అంత తేడా తెచ్చింది.

తోడేళ్ళలో ఈ అదను ఇంకా ముందే వచ్చి పోతుంది. అవి రెండో వారంలోనే, కళ్ళూ చెవులూ ఇంకా పూర్తిగా పనిచేయకముందే, వాసన ఒక్కటే ఆసరాగా చుట్టూ తిరగడం మొదలుపెడతాయి. కుక్కపిల్లలు నాలుగో వారంలో, చూపూ వినికిడీ వచ్చాక బయల్దేరతాయి. కాథరిన్ లార్డ్ అనే శాస్త్రవేత్త 2013లో చూపించిన ఈ రెండు వారాల తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, తోడేలు మనిషి కాళ్ళ దగ్గర పడుకోకపోవడానికీ కుక్క పడుకోవడానికీ మధ్య ఉన్న దూరంలో చాలా భాగం అక్కడే ఉందని నా నమ్మకం.

ఇక ఇంటి పెంపకం సంగతి. కాలిఫోర్నియాలోని సాన్ రఫేల్‌లో అంధులకు దారి చూపే కుక్కల్ని తయారుచేసే సంస్థలో క్లారెన్స్ ఫాఫెన్‌బెర్గర్ పనిచేసేవారు. పన్నెండు వారాలు నిండి పరీక్షల్లో నెగ్గిన పిల్లల్నే ఇళ్ళకి పంపేవారు. అయినా పెద్దయ్యాక కొన్ని ఎందుకో విఫలమయ్యేవి. ఆయనా, బార్ హార్బర్ శాస్త్రవేత్త జాన్ పాల్ స్కాటూ కలిసి లెక్క తీస్తే విషయం బయటపడింది. పరీక్ష అయిన వారంలోపే ఇంటికి చేరినవాటిలో దాదాపు 90 శాతం దారి చూపే కుక్కలయ్యాయి. మూడు వారాలకి మించి కెన్నెల్‌లో ఉండిపోయినవాటిలో 30 శాతమే అయ్యాయి. అవే తల్లిదండ్రులు, అదే తిండి, అవే పరీక్షలు. మూడు వారాలు ఆలస్యం, అంతే. 1959లో వాళ్ళు దీన్ని ప్రచురించేనాటికి ఇంగ్లండు రైతు కుటుంబాలు తరతరాలుగా హౌండ్ పిల్లల్ని వంటింట్లో పెంచుతూనే ఉన్నాయి.

గార్లాండ్‌కి కోడి పొడిచిన పోటు విలువ ఇప్పుడు తెలుస్తుంది. హౌండ్ పని చేసేది గొర్రెలు మేసే బీళ్ళ మీదే. పసితనంలో గొర్రె వాసన ఎరగని హౌండ్ గుంపు ఊపులో గొర్రె వెంట పడిందంటే, ఆ గుంపుని చూసి రైతులు తలుపులు వేసుకుంటారు. అందుకే పొలం ఇల్లు, అందుకే పశువుల దొడ్డి. పైగా కెన్నెల్‌లో ఇద్దరో ముగ్గురో పనివాళ్ళు ఉంటారు, ఒకేసారి ఇరవై పిల్లలకి పేరు పెట్టి పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకునే తీరిక వాళ్ళకెక్కడిది?

పిల్లల్ని ఇలా ఇళ్ళకి చెదరగొట్టడంలో రోగభయం కూడా ఉండేది. డిస్టెంపర్ అనే కుక్కల అంటువ్యాధి ఒక కెన్నెల్‌లో అడుగుపెడితే ఈతలకి ఈతలే తుడిచిపెట్టేసేది. 1920ల్లో 'ది ఫీల్డ్' పత్రిక పాఠకుల నుంచి చందాలు పోగుచేసి దీని మీద పరిశోధనకి నిధి ఏర్పాటు చేసింది. లండన్ శివారు మిల్ హిల్‌లో పాట్రిక్ లెయిడ్‌లా, జార్జ్ డంకిన్ ఆ పనికి పూనుకున్నారు. జబ్బుకి కారణం వైరస్సేనని తేల్చారు, ఫెర్రెట్ అనే ముంగిసలాంటి చిన్న జంతువుకి అది సులువుగా సోకుతుందని కనిపెట్టారు, ఆ దశాబ్దం ముగిసేలోపు టీకా తయారుచేశారు. కథ అక్కడితో ఆగలేదు. 1933లో ఫ్లూ రోగుల గొంతు కడిగిన నీళ్ళని అదే ఫెర్రెట్లకి ఎక్కించి చూశారు స్మిత్, ఆండ్రూస్, లెయిడ్‌లా. ఫెర్రెట్లకి జలుబు, జ్వరం! మనిషిలో ఇన్‌ఫ్లుయెంజా వైరస్ దొరికింది అలా. కుక్కల జబ్బు కోసం వేసిన దారిలో మనిషి జబ్బు పట్టుబడింది.

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లో కుక్కపిల్లని తెచ్చుకునే మనవాళ్ళకి ఇక్కడే చిక్కొస్తుంది. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ తగ్గిపోయి, టీకాలు ఇంకా పూర్తికాని వారాలూ, ఈ అదను వారాలూ ఒకటే. పార్వో అనే అంటువ్యాధి భయంతో నాలుగు నెలలు గడప దాటనివ్వకపోతే జబ్బు రాదు కానీ, ఆటో హారన్ వింటే మంచం కింద దూరే కుక్క తయారవుతుంది. జంతు ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం దీనికి మధ్యేమార్గం చెప్పింది: మొదటి టీకా పడి వారం గడిస్తే, ఏడెనిమిది వారాల వయసు నుంచే కొత్త మనుషుల్నీ శుభ్రమైన చోట్లనూ పరిచయం చెయ్యొచ్చని. వీధికుక్కలు తిరిగే చోట నేల మీద దించకుండా చంకనెత్తుకుని వీధి చివరి దాకా తిప్పినా చాలు. మీ డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టండి, ఆలస్యం చేయకండి.

నక్కని కుక్కల చేత తరిమించి చంపించడాన్ని నేను సమర్థించను. ఇంగ్లండు, వేల్స్‌లలో 2004లో చేసిన చట్టం దాన్ని నిషేధించింది, 2005 ఫిబ్రవరి 18 నుంచి అమల్లో ఉంది. అప్పటి నుంచి ముందే పరిచిన వాసన జాడల మీద హౌండ్లని నడుపుతున్నామని హంట్లు అంటాయి, అది పైకి చెప్పే మాటేనని వ్యతిరేకులు అంటారు, ఆ తగవు నడుస్తూనే ఉంది. పరుగు తగ్గిన హౌండ్లని ఆరేడేళ్ళకే చంపేసే అలవాటు చాలా హంట్లలో ఉంటూ వచ్చింది. వంటింట్లో పెరిగి మనిషిని నమ్మడం నేర్చుకున్న ప్రాణి విషయంలో ఇది నాకు మింగుడుపడదు. పసితనంలో ఇల్లు ఇచ్చినవాళ్ళకి ముసలితనంలోనూ ఇచ్చే అవకాశం ఉండాలి.

ఫిబ్రవరిలో వాను వచ్చి రెండింటినీ తీసుకుపోయింది. ఆ వారమంతా ఆవిడ గుడ్లు అమ్మలేదు, తలుపు దగ్గర డబ్బా ఖాళీగా ఉండేది.

జులైలో పప్పీ షో. వాకర్లందరినీ పిలిచి, పెరిగిన హౌండ్లని జడ్జీల ముందు నడిపించి, గెలిచినవాటిని పెంచినవాళ్ళకి వెండి చెంచాలు ఇస్తారు. నన్నూ రమ్మంది ఆవిడ. నిలబడ్డప్పుడే నాకు బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో పీటర్ హెప్పర్ చేసిన పని గుర్తొచ్చింది. రెండేళ్ళు దూరంగా ఉన్నాక కూడా తల్లికుక్కా పిల్లలూ ఒకదాన్నొకటి వాసనతో గుర్తుపట్టాయని ఆయన 1994లో రాశారు. దూరమైన తోబుట్టువుల్ని మాత్రం, ఇంకో తోబుట్టువుతో కలిసి బతుకుతూ ఉన్న కుక్కలే గుర్తుపట్టాయి. మనుషుల మాట ఆ ప్రయోగంలో లేదు.

గార్లాండ్ వంతు వచ్చింది. నడక చూపించడానికి తెల్లకోటు వేసుకున్నాయన బిస్కెట్ ముక్కలు ఇటూ అటూ విసురుతున్నాడు. రెండు ముక్కలు తింది. మూడో ముక్క గాల్లో ఉండగానే ఆగి, ముక్కు ఎత్తి, కోడి దగ్గరికి వెళ్ళిననాటిలాగే మెడ చాచింది. తర్వాత నేరుగా కంచె దగ్గరికి వచ్చి, ఆవిడ చేతి కింద తల పెట్టి నిలబడింది. జడ్జీలు పిలిచినా కదల్లేదు. చెంచా వేరే హౌండుకి వెళ్ళింది.